పసుపు పూసిన ఎర్ర కారు

మా ఆవిడ హైమవతి ముప్పై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి, రిటైరైన మర్నాడు పొద్దున్నే ఎర్ర స్పోర్ట్స్ కారు కొంటానంది. నేను పేపరు చదువుకుంటున్నాను కాబట్టి "అలాగే కొనుక్కో" అన్నాను. పేపరు చదివేటప్పుడు నేను దేనికైనా అలాగే అంటాను. నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్ళూ ఫైళ్ళ మీద కూడా అలాగే రాశాను, ఎవరూ తప్పు పట్టలేదు.

ఈసారి మాత్రం ఆ మాట నిజమైపోయింది. ఉగాదికి ముందే కారు బుక్కయింది.

ఎరుపే ఎందుకన్నది చెప్పాలి. హైమకి చిన్నప్పుడు వాళ్ళమ్మ గౌను గుడ్డ కొనేటప్పుడు "ఈ రంగైతే మాపుకి ఆగుతుందే" అనేదట. పెళ్ళయ్యాక మా అమ్మ కూడా చీరల కొట్లో అదే మాట అంది. అలా నస్యం రంగు, వక్కపొడి రంగు, బూడిద రంగు, తడిసిన గోనెసంచీ రంగు, ఇలా బీరువా నిండా మాపుకి ఆగే చీరలే. ఇంటి గోడలకి రంగూ అదే లెక్కన వేయించాం. నా స్కూటరూ బూడిద రంగుదే. ఒక్కసారైనా తనకి నచ్చిన రంగు, దుమ్ము పడితే కనిపించే రంగు, వీధి చివరి నుంచే కనిపించే రంగు కావాలని ఆవిడ కోరిక. ఆ కోరిక కోసం తన పేరు మీదున్న స్థలం అమ్మేసింది.

కంపెనీ పేరు చెప్పను. చెబితే నా మీద కూడా సర్క్యులర్ వేస్తారు.

షోరూమ్‌లో డెలివరీ రోజు బండి పూజ వాళ్ళే చేయించారు. దాన్ని వాళ్ళు 'డెలివరీ అనుభూతి' అంటారు. అవధాని గారని పెద్దాయన, మెడలో కంపెనీ ముద్రున్న కండువా వేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టి, బానెట్ మీద పసుపు ముద్దతో పెద్ద ఓంకారం రాశారు. ఆయన చెయ్యి ధారాళమైనది. పసుపు గోడకి సిమెంటు మెత్తినట్టు మెత్తారు.

ఇంటికొచ్చాక మా సుభద్ర పెద్దమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మాయ్, ఆ ఓంకారం తుడవకు. దానంతటది రాలిపోవాలి. తుడిస్తే మంచిది కాదు" అంది. హైమ ఫిజిక్సు మనిషి. అయినా కొత్త బండి కదా, ఎందుకొచ్చిన గొడవ అనుకుంది. రోజూ పొద్దున్నే ఓంకారం చుట్టూ జాగ్రత్తగా తుడిచి, మధ్యలో దాన్ని అలాగే వదిలేసేది.

విజయవాడలో మా వీధికి చెట్లు లేవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేశారు, ఆ ఫైలు నా బల్ల మీద నుంచి కాకుండా పక్క శాఖ నుంచి వెళ్ళిందని మనవి. కారు గేటు ముందు ఎండలోనే ఉండాలి. కవరు వేద్దామంటే బయటి కవరు వేస్తే గీతలు పడతాయి, వారంటీ పోతుందన్నారు. కంపెనీ కవరేమో ఇంకా ఓడలో వస్తోందన్నారు.

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి, ఒక మధ్యాహ్నం హైమ కేక విని బయటికి వెళ్ళాను. కారు ఒళ్ళంతా బొబ్బలు. బానెట్ మీద, తలుపుల మీద, డిక్కీ మీద, పెయింటు చిన్న చిన్న బుడగలుగా లేచి నిలబడింది. వేలు పెట్టి నొక్కితే అప్పడంలా మెత్తగా లోపలికి పోతోంది. హైమ ఏడవలేదు గానీ, చూపుడువేలు అలాగే డోరు మీద పెట్టి చాలాసేపు నిలబడిపోయింది.

పెద్దమ్మ వచ్చి చూసి, "అమ్మవారు పోసిందే" అంది. లోపలికి వెళ్ళి వేపమండ తెచ్చి వైపర్‌కి కట్టింది. ఆ రోజు ఇంట్లో పోపు పెట్టనివ్వలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, బుడగలు బాగా లేచి ఉన్న సమయం చూసుకుని, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. అక్కడ మేనేజర్ చక్రధర్ గారు. ఆయన చొక్కా ఎంత తెల్లగా ఉందంటే, మాపు అనే సంగతే ఎప్పుడూ వినలేదేమో అనిపించింది.

"ముందుగా మేడమ్, మీరు దీన్ని బొబ్బ అనకూడదు. మా పరిభాషలో దీన్ని ఉపరితల ఉత్సాహం అంటాం" అన్నారాయన.

"ఏమన్నా అనండి. మళ్ళీ పెయింటు వేయండి" అంది హైమ.

"తప్పకుండా మేడమ్. లోపం ఉందని రుజువైతే. పరీక్ష మాత్రం ప్రామాణిక వాతావరణంలోనే జరగాలి. అది కంపెనీ నియమం."

ప్రామాణిక వాతావరణం అంటే అద్దాల గది. లోపల ఏసీ ఎంత బలంగా ఉందంటే, అక్కడ పనిచేసేవాళ్ళు స్వెట్టర్లు వేసుకున్నారు. కారుని ఆ గదిలో పెట్టి, వాతావరణానికి అలవాటు పడాలని మమ్మల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. పెయింటు చల్లబడింది. బుడగల్లో గాలి ముడుచుకుంది. చక్రధర్ గారు తలుపు మీద అరచేయి ఆనించి, బిడ్డకి జ్వరం తగ్గిందో లేదో చూసినట్టు చూసి, "ఏవీ మేడమ్?" అన్నారు.

"బయటికి తీయండి, చూపిస్తాను" అంది హైమ.

"బయట పరీక్షకి అనుమతి లేదు. అసలు మీరు బండిని ఎండలో ఎందుకు పెట్టారు మేడమ్? ఎండలో పెడితే వారంటీ వర్తించదు. నిలిపి ఉంచినప్పుడు తగిలే ఎండ బాహ్య ప్రభావం కిందికి వస్తుంది. స్పోర్ట్స్ కారు స్వభావరీత్యా కదులుతూ ఉండాలి."

"అంటే నేను మే నెలంతా ఆగకుండా నడుపుతూనే ఉండాలా? లేకపోతే ఈ గదిలో నడుపుకోవాలా?"

చక్రధర్ గారు నిజాయితీగా ఆలోచించారు. "ఆదర్శంగా అయితే ఈ గదిలోనే మేడమ్" అన్నారు.

హైమ వదల్లేదు. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళు హాజరు తీసుకున్న మనిషి ఊరికే వదలదు. రోజూ మధ్యాహ్నం కారు తీసుకెళ్ళి షోరూమ్ గుమ్మం ముందు, లోపలికి వచ్చే కొనుగోలుదార్లకి కనిపించేలా నిలబెట్టి, తను ఎదురుగా గొడుగు వేసుకుని కూర్చునేది. పది రోజులు తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి పెద్ద మనిషే దిగాడు.

ఆయన పేరు డాక్టర్ నీలకంఠం. కంపెనీలో ఆయన హోదా 'ఉపరితల విశిష్టతాధిపతి'. భూతద్దంతో, చేతి తొడుగులతో వచ్చారు. గుమ్మం ముందు నిలబెట్టిన కారు చుట్టూ తిరిగి, బానెట్ దగ్గర ఆగి, ఎండిపోయిన ఓంకారం మీద పసుపుని కుంచెతో నెమ్మదిగా దులిపారు. కింద పెయింటు నున్నగా, నిగనిగలాడుతూ, షోరూమ్‌లో మొదటి రోజు చూసిన ఎరుపులా ఉంది. చుట్టూ అంతా బొబ్బలు, మధ్యలో మచ్చలేని ఎర్రటి ఓంకారం.

నీలకంఠం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అద్భుతం" అన్నారు.

"అద్భుతం ఏమీ లేదండీ. పసుపు మందంగా రాశారు, దాని కింద నీడ పడింది. పసుపే అక్కర్లేదు, పిడక కొట్టినా ఇంతే. మీ పెయింటు ఎండకి ఆగట్లేదు, అంతే సంగతి" అంది హైమ, క్లాసులో చెప్పినట్టే.

"మేడమ్, పిడక మా ఆమోదిత పదార్థాల్లో లేదు" అన్నారాయన. "పసుపు కూడా లేదు. కానీ పసుపు మా ప్రాంగణంలో, మా సిబ్బంది చేత, మా డెలివరీ ప్రక్రియలో భాగంగా పూయబడింది. కనుక అది కంపెనీ విధానమే. ప్రక్రియ పూర్తయిన చోట ఉపరితలం భద్రంగా ఉంది. పూర్తికాని చోట ఉత్సాహం కనబడుతోంది. కాబట్టి ఇది పెయింటు లోపం కాదు. పూజా లోపం."

నేను జీవితమంతా సర్కారు కొలువు చేశాను. తప్పు ఇంజనీరుది కాదని కాంట్రాక్టరు మీదికి, కాంట్రాక్టరుది కాదని నది మీదికి నెట్టడం నాకు తెలుసు. ఇంత అందంగా నెట్టడం మాత్రం అప్పుడే చూశాను. ప్రభుత్వం కంటే ప్రైవేటు మెరుగు అంటే ఏమో అనుకునేవాణ్ణి.

అవధాని గారికి మెమో వెళ్ళింది. వాహనం మొత్తానికి చేయవలసిన ఉపరితల సేవని బానెట్‌కే ఎందుకు పరిమితం చేశారో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆయన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చారు.

"అమ్మా, నేను పూజ చేశాను గానీ బాడీ వర్కు చెయ్యలేదు కదా. దీనికేం రాయాలో నాకు తోచట్లేదు" అన్నారు దిగులుగా.

హైమ ఆయనకి మజ్జిగ ఇచ్చింది. సంజాయిషీ నేను రాసి పెట్టాను. తర్వాతి కాలంలో అట్టి పొరపాట్లు పునరావృతం కాకుండా చూసుకొందునని నా చేతికి అలవాటైన వాక్యం ఒకటి ఉంది. అది ఎక్కడైనా సరిపోతుంది.

సరిపోవడమే కొంప ముంచింది. ఆ వాక్యాన్ని నేరాంగీకారంగా తీసుకుని కంపెనీ శాస్త్రీయ పరీక్షకి సిద్ధమైంది. మా కారుకే పాత పెయింటు గీకి, అదే రకం పెయింటు మళ్ళీ కొట్టి, ఎడమ తలుపుకి మంత్రంతో పసుపు పూశారు. కుడి తలుపుకి మంత్రం లేకుండా పూశారు. డిక్కీకి పసుపు లేకుండా మంత్రం మాత్రమే చదివించారు. వారం ఎండలో పెట్టి చూస్తే రెండు తలుపులూ బాగున్నాయి, డిక్కీ మళ్ళీ పొక్కింది.

నీలకంఠం గారు అవధాని గారి వైపు చూసి, "మంత్రం పనితీరు ఆశించిన స్థాయిలో లేదు" అన్నారు.

అవధాని గారికి కోపం రావడం నేను అదే చూడ్డం. "మంత్రం చదివింది పెయింటు కోసం కాదండీ. అందులో కూర్చునే మనుషులు క్షేమంగా ఇల్లు చేరాలని. ఆ అమ్మ రోజూ క్షేమంగానే ఇల్లు చేరుతోంది. ఇంకేం పనితీరు కావాలి మీకు?" అన్నారు. నీలకంఠం గారు ఆ వ్యాఖ్యని పరిశీలనలోకి తీసుకుంటామన్నారు.

మే నెల మధ్యలో సర్క్యులర్ వచ్చింది. ఉష్ణ జిల్లాల్లోని వాహనాలన్నిటికీ సంపూర్ణ హరిద్రా రక్షణ తప్పనిసరి. మందం తగ్గితే వారంటీ రద్దు. వాహనదారు సొంతంగా పూస్తే వారంటీ రద్దు. కారు కదిలినప్పుడు పసుపు రాలే ప్రమాదం ఉంది కాబట్టి ఎద్దుల బండి వేగం దాటితే వారంటీ రద్దు. మొదటి లబ్ధిదారు మా హైమవతి. సర్వీస్ సెంటర్ వాళ్ళు బక్కెట్లతో మా ఇంటికొచ్చి, అద్దాలు వదిలేసి, చక్రాల దాకా పసుపు మెత్తి వెళ్ళారు. ఎర్ర స్పోర్ట్స్ కారు నలుగు పెట్టించుకున్న పెళ్ళికూతురులా తయారైంది.

"నేను ఎర్ర కారు కొన్నానండీ" అంది హైమ, ఫోన్లో.

"కారు ఎరుపే మేడమ్. మీకు కనిపించేది రక్షణ" అన్నారు నీలకంఠం గారు.

ఒక సాయంత్రం ఇద్దరం బ్యారేజీ మీదుగా వెళ్ళాం. ఎద్దుల బండి వేగంతోనే. ఎదురొచ్చేవాళ్ళు ఆగి దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. ఒక ముసలావిడ కారుకి అడ్డంగా వచ్చి, బానెట్ మీద పసుపు వేలితో తీసుకుని తాళికి అద్దుకుంది. ఎవరో వైపర్ కింద అరటిపళ్ళు దోపారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, మిగతా బండ్లన్నీ ఆపి, మాకు దారిచ్చాడు. దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసి, "ఏ గుడిదండీ?" అని అడిగాడు.

"మాదేనండీ" అన్నాను. ప్రసాదం ఏమన్నా ఉందా అన్నాడు. వైపర్ కింది అరటిపండే తీసిచ్చాను.

నాకు నవ్వొచ్చింది. పక్కకి తిరిగి చూస్తే హైమ నవ్వట్లేదు. స్టీరింగ్ పట్టుకున్న చేతులు పసుపుగా ఉన్నాయి. చీర పసుపు, జుట్టులో పసుపు. ఇంటికొచ్చాక కూడా కారు దిగలేదు.

"చిన్నప్పట్నుంచీ ఎవరో ఒకరు రంగు నిర్ణయిస్తున్నారండీ. దీన్నొక్కదాన్నీ నేను ఎంచుకున్నాను. దీనికీ రక్షణేనట. నాకు ఎరుపు కావాలి, బొబ్బలున్నా సరే" అంది. నాకు చాలా బాధేసింది. అలాగే అన్నాను. ఈసారి నా చేతిలో పేపరు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గొట్టం పట్టుకుని కారు కడగడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరు ఫోన్ చేశారో, చక్రధర్ గారు కాగితాలతో పరిగెత్తుకొచ్చారు. "మేడమ్, నీళ్ళు ఆపండి. రక్షణ తొలగిస్తే వారంటీ మొత్తం రద్దవుతుంది. రద్దుకి మీ సంతకం కావాలి."

"ఎక్కడ పెట్టాలి?" అంది హైమ. తడి చేత్తోనే సంతకం పెట్టింది. పసుపు నీళ్ళు వీధి పొడుగునా పారాయి. పెద్దమ్మ అవి నెత్తిన చల్లుకుంది. ఎరుపు బయటపడింది. మూడు రోజుల ఎండకి మళ్ళీ ఒళ్ళంతా పొక్కింది. ఆవిడ పట్టించుకోలేదు. పొద్దున కారు, సాయంత్రం కారు. ఎద్దుల బండ్లని చాలా వెనక వదిలేసింది.

ఇక్కడితో అయిపోయేదే. కానీ గ్రానైట్ వ్యాపారి ఒకాయన, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియనివాడు, మా కారుని పెట్రోలు బంకులో చూశాడు. చెయ్యి వేసి నిమిరాడు. నేరుగా షోరూమ్‌కి వెళ్ళి తనకీ అలాంటి గరుకు ఫినిషింగే కావాలని కూర్చున్నాడు. ఆయన వెంట ఆయన బావమరిది, ఆయన వెంట ఒక కాలేజీ ఓనరు. కంపెనీ ఆలోచనలో పడింది. జూన్ నెల వచ్చీ రాగానే నీలకంఠం గారు స్వయంగా మా ఇంటికొచ్చారు.

"మేడమ్, మీ వాహనంపై ఉన్నది లోపం కాదని మేము మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాం. అది ఇప్పుడు మా 'మల్లెమొగ్గ' శ్రేణి. ఆవిష్కరణ సభలో ప్రదర్శనకి ఒక్కరోజు మీ కారు కావాలి."

సభ అద్దాల గదిలో పెట్టారు. అతిథులు వచ్చారు, దీపం వెలిగించారు, పట్టుగుడ్డ తొలగించారు. ప్రామాణిక వాతావరణంలో మొగ్గలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. మామూలు ఎర్ర కారు ఒకటి కనిపించింది. గ్రానైట్ వ్యాపారి, "ఏవండీ?" అన్నాడు.

నీలకంఠం గారు చెమటలు పట్టి, ఆ చలిలో, హైమ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "మేడమ్, బండిని వెంటనే బయటికి తీసి ఎండలో పెట్టండి."

"ఎండలో పెడితే వారంటీ పోతుందన్నారు కదండీ."

"విధానం మారింది మేడమ్."

"నాది మారలేదు. నా కారు నేను తీసుకుపోతాను. అది ఇక్కడే ఉండాలంటే నాకు కొత్త ఎర్రది ఒకటి తెచ్చి ఇవ్వండి. బొబ్బలు లేనిది. ఇప్పుడే."

వేసవంతా తిరిగినా ఒక తలుపుకి సరైన పెయింటు వేయలేని కంపెనీ, అతిథులు కూల్‌డ్రింకులు తాగేలోపు కొత్త కారు గుమ్మంలోకి తెచ్చింది. అవధాని గారు పళ్ళెంతో వచ్చారు. హైమని చూసి ఒక్క క్షణం తటపటాయించి, బానెట్ వదిలేసి, స్టీరింగ్ మీద చిన్న బొట్టు మాత్రం పెట్టారు. "క్షేమంగా వెళ్ళిరా అమ్మా" అన్నారు. చక్రధర్ గారు వారంటీ కాగితాలు అందించబోయారు.

"వద్దండీ" అంది హైమ. ఆయన అలా ఎవరైనా అనగా వినలేదు. చేతులు చాపి అలాగే ఉండిపోయారు.

ఇంటికి రాగానే బీరువా తెరిచింది. నస్యం రంగు, వక్కపొడి రంగు, బూడిద రంగు, గోనెసంచీ రంగు, అన్నీ మంచం మీద పరిచింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే, రెండు పొరలుగా పెట్టి కుట్టింది. కారు కొలతకి సరిగ్గా సరిపోయింది. వారంటీ లేదు కాబట్టి కవరు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఊళ్ళో కొందరి కార్లు పసుపుగానూ, కొందరివి ఎక్కువ ధరకి కొన్న బొబ్బలతోనూ తిరుగుతున్నాయి. ఒక మధ్యాహ్నం మా గేటు ముందు నీలకంఠం గారు దిగారు. చీరల అంచు ఎత్తి లోపలికి చూశారు. నున్నటి ఎరుపు. ఒక్క మొగ్గ లేదు. భూతద్దం పెట్టి చూసినా లేదు.

"మేడమ్, ఈ పదార్థం ఏమిటి?"

"నేత చీరలండీ."

"ఈ వర్ణాలు మార్కెట్లో లభ్యమవుతాయా? మా కొనుగోలు విభాగం ఎన్నైనా తీసుకుంటుంది."

"కొత్తవి పనిచెయ్యవండీ. ముప్పై ఏళ్ళు కట్టుకోవాలి. నచ్చకపోయినా బాగుందనాలి. అప్పుడుగానీ ఎండకి ఆగవు" అంది హైమ.

నీలకంఠం గారు అంతా రాసుకున్నారు. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, "ముప్పై ఏళ్ళని మూడు నెలలకి కుదించే వీలుంటుందా మేడమ్?" అని అడిగారు.

హైమ చీరలు మడిచి నా చేతుల్లో పెట్టి, కారెక్కి స్టార్ట్ చేసింది. వీధి చివర మలుపు తిరిగేదాకా ఆ ఎరుపు కనిపిస్తూనే ఉంది.